ఇంగ్లీషు గుమ్మంలోంచే వెళ్ళాలా?

నలభై దాటాక జపనీసు నేర్చుకోవడమేమిటని అడిగేవాళ్ళకి నా దగ్గర గొప్ప జవాబేం లేదు. రాయబోయే నవలలో నా కథానాయిక జపాను వెళుతుంది. ఆవిడకంటే ముందు నేను నాలుగు ముక్కలు నేర్చుకుందామని, సుబేదారిలో మా ఇంటికి రెండు వీధుల అవతల సాయంత్రం క్లాసులో చేరాను. "ఈ వయసుల గా సదువేంది బిడ్డా!" అని మా అత్తగారు నవ్వి, రాత్రి వంట తనమీద వేసుకున్నారు.

నా పక్కన కూర్చునే అమ్మాయి నర్సింగు చదివింది. జపానులో వృద్ధుల్ని చూసుకునే ఉద్యోగాలున్నాయని విని చేరింది. ఆ పనికి అక్కడి ప్రభుత్వం 2019 నుంచి కొత్తరకం వీసా ఇస్తోంది. ఆ పిల్లది పదో తరగతి దాకా తెలుగు మీడియం.

మూడోవారం 'పార్టికల్సు' పాఠం వచ్చింది. "'ని' అంటే ఒకచోట టు, ఒకచోట ఎట్, ఇంకోచోట ఇన్" అంటూ మాస్టారు ఇంగ్లీషులో చెప్పుకుపోతున్నారు. "ఎప్పుడేది సార్?" అని ఆ పిల్ల భయపడుతూనే అడిగింది. "ముందు ఇంగ్లీషు గ్రామరు బాగుచేసుకోమ్మా, తర్వాత జపనీసు" అన్నారాయన. మర్నాటినుంచి ఆ కుర్చీ ఖాళీ!

నాకు ఒళ్ళు మండిందంటే మండదూ మరి? ఆ పాఠానికి కావలసింది ఆ పిల్లకి రాని ఇంగ్లీషు కాదు, వచ్చిన తెలుగు.

మీరే చూడండి. బడికి వెళ్ళాను, ఆరు గంటలకి లేచాను, అమ్మకి ఇచ్చాను. మూడుచోట్లా మనకి ఒకటే 'కి'. జపనీసులో మూడుచోట్లా ఒకటే 'ని': 'గాక్కో ని', 'రొకుజి ని', 'హహ ని'. ఇంగ్లీషువాడికి మాత్రం ఒకచోట టు, ఒకచోట ఎట్. పైగా అవి మాటకి ముందొస్తాయి. మనకీ, జపానువాళ్ళకీ మాట వెనకాలే వస్తాయి. 'కరా' అంటే నుంచి, 'మదే' అంటే దాకా. 'మో' పెడితే 'నేను' కాస్తా 'నేనూ' అవుతుంది. వాక్యం చివర 'క' తగిలిస్తే ప్రశ్న, మనం 'వచ్చారా' అని చివర దీర్ఘం తీసినట్టే. క్రియ వాళ్ళకీ చివరే. చిన్నప్పుడు డుమువులు ప్రథమావిభక్తి అని వల్లెవేసి, ఇదెందుకూ పనికిరాదని తిట్టుకున్నాం కదూ? ఇదుగో, ఇప్పుడు పనికొచ్చింది!

ఇంకో చిత్రం. 'ఐ అండర్‌స్టాండ్ జాపనీస్' అన్న వాక్యం చూసి పిల్లలు జపనీసు భాషని కర్మ చేసి, 'ఓ' తగిలిస్తారు. అది తప్పు. అక్కడ 'గా' రావాలి: 'నిహోంగో గా వకరిమస్'. మనం 'నాకు జపనీసు అర్థమవుతుంది' అంటాం. అర్థమయ్యేదే అక్కడ కర్త. తెలుగులో ఆలోచించినవాళ్ళకి ఆ తప్పు రాదు. ఈ 'నాకు' లాంటి కర్తల మీద 2004లో రెండు సంపుటాల పుస్తకమే వచ్చింది. దాని సంపాదకుల్లో ఒకరు టోక్యోలో ఆచార్యులుగా పనిచేసిన మన పేరి భాస్కరరావు గారు.

అయితే తెలుగు అన్నిటికీ సరిపోతుందా? సరిపోదు. 'ఇంట్లో ఉన్నాను', 'ఇంట్లో తిన్నాను' మనకి ఒకటే 'లో'. వాళ్ళకి ఉండడానికి 'ని', తినడానికి 'దే'. మనం 'అన్నం తిన్నాను' అని 'ని' ఎగ్గొడతాం, వాళ్ళు పుస్తకభాషలో 'ఓ' మానరు. 'వా'కి మన 'అయితే' కొంతవరకే దగ్గర. ఈ తేడాలు కూడా తెలుగు పక్కన పెట్టి చెబితేనే కదా తెలిసేది?

తమిళానికీ జపనీసుకీ చుట్టరికం ఉందని ఓనో సుసుము అనే జపాను పండితుడు వాదించాడు. భాషాశాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోతేనేం? పక్కింటావిడ వంటగది మన వంటగదిలాగే సర్ది ఉంటే ఉప్పుడబ్బా చీకట్లోనైనా చేతికి దొరుకుతుంది. అంతమాత్రాన ఆవిడ మన పెత్తల్లి కూతురు కానక్కర్లేదు!

మాస్టారితో ఇదంతా చెప్పాను. "పుస్తకం ఇంగ్లీషులో ఉందండీ" అన్నారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటే నోరు కూడా ఇంగ్లీషులోనే ఉండాలా? ఇంగ్లీషు రావడం మంచిదే, నేనూ కాదనను. కానీ ప్రపంచంలో ఏ ఇంటికి వెళ్ళాలన్నా ఆ ఒక్క గుమ్మంలోంచే వెళ్ళాలని మన ఆడపిల్లల్ని వాకిట్లోనే ఆపేసే హక్కు ఎవరిచ్చారు?

మొన్న ఆదివారం ఆ పిల్లని వెతికి మా వరండాలోకి పిలుచుకొచ్చాను. నోటుబుక్కులో ఒకవైపు 'కి', ఎదురుగా 'ని' రాసి చూపించాను. కాసేపు చూసి, ముఖం ఎత్తి అంది:

"గంతేనా ఆంటీ? గీ మాత్రానికా నేను ఇంట్ల కూసోని ఏడ్సింది?"