మూడో అధికరణ గుర్తుంది, పదిహేడోది ఏమైంది?

హైదరాబాద్‌లో కిరాయి ఇల్లు కోసం ఏ గల్లీకి పోయినా మొదట అడిగేది కిరాయి ఎంత ఇస్తరని కాదు. "ఇంటిపేరేంది?" అని మొదలవుతది. ఇంటిపేరుతో తేలకపోతే "ఏ ఊరు?" అంటరు. ఊరుతో తేలకపోతే "నీసు తింటరా?" అంటరు. అప్పటికీ తేలకపోతే సిగ్గు పక్కన పెట్టి "మీరేమోళ్లు?" అని అడుగుతరు. అడిగేటాయన చెడ్డోడేం కాదు. రోజూ పేపరు చదువుతడు, పింఛను తీసుకుంటడు, తెలంగాణ బంద్ అంటే దుకాణం మూసినోడే. జవాబు నచ్చితే తాళంచెవి ఇస్తడు. నచ్చకపోతే "మా తమ్ముని కొడుకు వస్తున్నడు, వాళ్లకే ఇస్తున్నం" అంటడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అయినా ఒకరికొకరు నమస్తే పెట్టుకొని విడిపోతరు. కులం చాలాసార్లు గిట్ల మర్యాదగనే పని చేస్తది.

చదువు రాని ముసలవ్వ కూడ మూడో అధికరణ అంటే ఏందో చెప్పగలిగిన రోజులు మనం చూసినం. కొత్త రాష్ట్రం చేసే అధికారం పార్లమెంటుకు ఆ అధికరణ ఇచ్చిందని పల్లె పల్లెకు చెప్పినం, పాటలు కట్టినం. దాన్ని రాజ్యాంగంలో పెట్టిన అంబేద్కర్‌కు దండం పెట్టినం. అదే పుస్తకంలో ఇంకో పద్నాలుగు అధికరణల తర్వాత పదిహేడోది ఉన్నది. అంటరానితనాన్ని అది రద్దు చేసింది, ఏ రూపంలో పాటించినా నేరమన్నది. రెండూ 1950 జనవరి 26 నుంచే అమల్లో ఉన్నయి. మూడో అధికరణ కోసం ఢిల్లీ దాకా పోయినం. పదిహేడో అధికరణ కోసం పక్కనున్న వాడ దాకా పోలేదు.

ఎవరినో వేలెత్తి చూపే ముందు మా ఇంటి సంగతే చెప్పుకోవాలె. మా అమ్మమ్మ ఊర్లో ఇంటి చూరులో ఒక సత్తు గిలాస చెక్కి ఉండేది. మిగతా గిలాసలన్నీ లోపల బోర్లించి ఉంటే అదొక్కటే బయట ఎందుకున్నదో చిన్నప్పుడు అర్థం కాలేదు. జీతగాడు పొద్దుగాల వచ్చి ఆ గిలాస తనే తీసుకొని వాకిట్లో దూరంగ కూసునేటోడు. అమ్మమ్మ పైనుంచి చాయ్ పోసేది. తాగినంక తనే కడిగి మళ్లీ చూరులో పెట్టేటోడు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అమ్మమ్మ ఆయనను "కొడుకా" అనే పిలిచేది, జ్వరమొస్తే గోళీలు తెప్పించేది. ఆ ప్రేమ నిజమే, ఆ గిలాసా నిజమే. ఎంత ప్రేమ ఉన్నా గిలాస మాత్రం గడప దాటలేదు. ఒకనాడు ఆడుకుంట ఆ గిలాసతో నేను నీళ్లు తాగితే నాకు తలమీంచి తానం పోయించిండ్రు. అంటరానితనం మీద నాకు మొదటి పాఠం బడిలో కాదు, బావి గడ్డ మీద చెప్పిండ్రు.

రెండు గిలాసల పద్ధతి ఇప్పుడెక్కడున్నదని కొందరు అడుగుతరు. నిజమే, చాలా హోటళ్లలో కనబడదు. కాని అది ఎట్ల పోయిందో చూడాలె. కాయితం కప్పులు వచ్చినయి. తాగి పారేసే కప్పుకు కులం లేదు. అందరం ఒకే గిలాసలో తాగుదామని ఊరు కూసుండి తీర్మానం చేయలేదు, గిలాసే మాయమైంది. కాయితం కప్పు పోని చోటికి పోయి చూస్తే సంగతి తెలుస్తది. చాలా ఊర్లలో పెండ్లి పిలుపు వాడకు కూడ పోతది, బంతి మాత్రం ఆఖరుది. చావు దగ్గర డప్పు కొట్టడానికి, బొంద తవ్వడానికి వాడ మనిషి కావాలె, ఆ మనిషి చస్తే పాడె మోయడానికి ఊరి భుజం రాదు. బొందలగడ్డలు కూడ వేరు వేరు. బొడ్రాయి పండుగకు చందా తీసుకుంటరు, గుడి గడప దగ్గరికొచ్చేసరికి ఆగుమంటరు. అరవై ఏండ్ల మనిషిని పదేండ్ల పిలగాడు పేరు పెట్టి "ఏరా" అంటడు, ఆ పిలగాడిని ఆ పెద్దమనిషి "పటేలా" అనాలె.

పేర్ల సంగతీ అంతే. ఒక కులం పేరు తోకగ తగిలిస్తే గౌరవం, ఇంకో కులం పేరు నోట్లోంచి వస్తే తిట్టు. 1994లో మొదలైన దండోరా పేరు చివర "మాదిగ" అని రాసుకోవడం నేర్పింది. దాన్ని కులగజ్జి అన్నోళ్లున్నరు. వాళ్ల పేర్ల చివర ఏముందో వాళ్లు చూసుకోలేదు. తిట్టును గుంజుకొని పేరుగ చేసుకున్న పోరాటం అది.

మన ఊర్లో చెప్పులు కుట్టేటోళ్లు, బట్టలు ఉతికేటోళ్లు, కుండలు చేసేటోళ్లు, క్షవరం చేసేటోళ్లు ఉంటరు. వీళ్లలో ఎవరు పని బందు చేసినా ఊరు నాలుగు రోజులు నడవదు. కాని మన లెక్కలో పని ఎంత అవసరమైతే మనిషి అంత కిందికి పోతడు. ఊరు నుంచి పట్నం వచ్చినా ఈ లెక్క తప్పలేదు. చేతులతో మలం ఎత్తే పనిని 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగ చట్టం చేసి నిషేధించిండ్రు. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పని మీదనే జీవితమంత కొట్లాడుతున్నడు, 2016లో మెగసెసే అవార్డు కూడ వచ్చింది. అయినా మన నగరాల్లో మురుగు గుంతలో దిగి ఊపిరాడక పోయిన మనిషిది ఏ వాడనో అడగకుండనే మనకు తెలుస్తది.

వీటన్నిటికీ వేరు పెండ్లిలో ఉన్నది. కలిసి చదువుతరు, కలిసి ఉద్యోగం చేస్తరు, కలిసి సమ్మె చేస్తరు. పిల్లకు సంబంధం చూడాలంటే మాత్రం కులం దాటరు. ఆదివారం పేపర్లో పెండ్లి ప్రకటనలు కులాలవారీగనే ఉంటయి. 2011-12లో దేశమంతా చేసిన భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతమే. అదే సర్వేలో సుమారు 27 శాతం కుటుంబాలు ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తున్నమని ఒప్పుకున్నయి. నోరు తెరిచి ఒప్పుకున్నోళ్లే అంతమంది ఉంటే, మీ ఇంటి లెక్క, మా ఇంటి లెక్క ఏందో ఎవరికి వారే వేసుకోవాలె.

ఇవన్నీ చిన్న చిన్న సంగతులని కొట్టిపారేయొద్దు. పెద్దవన్నీ వీటి నుంచే వచ్చినయి. కారంచేడులో మంచినీళ్ల చెరువును పాడు చేయొద్దన్న దగ్గర మొదలైంది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపిండ్రు. చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత యువకుని కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికిండ్రు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అవి కోస్తా జిల్లాల సంగతులు, మన తెలంగాణలో అంత లేదు అని మనం చాలా ఏండ్లు చెప్పుకున్నం. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో దళిత యువకుడిని, పై కులం అమ్మాయిని పెండ్లి చేసుకున్నడని, దవాఖాన బయట గర్భంతో ఉన్న భార్య కండ్ల ముందే నరికిండ్రు. సుపారీ ఇచ్చి చంపించిండ్రు. రాష్ట్రం వచ్చి అప్పటికి నాలుగేండ్లు దాటింది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. చేసినోళ్లకు శిక్ష పడ్డది. కాని "కన్నతండ్రి బాధ కూడ చూడాలె కదా" అని ఆ రోజుల్లో మాట్లాడిన మన చాయ్ హోటళ్లకు, మన ఆఫీసులకు ఏ కోర్టు శిక్ష వేస్తది?

ఇది ఒక్క కులం చేసే పాపం కాదు. కులం మెట్ల మీద మెట్లుగ ఉన్నది. ప్రతి మెట్టుకూ పైనుంచి తన్నులు ఉంటయి, తన్నడానికి కింద ఇంకో మెట్టు ఉంటది. బీసీ కులపోడు పై కులం దగ్గర అవమానపడి, సాయంత్రం వాడ మనిషిని అవమానిస్తడు. వాడలో వాడకు మధ్య కూడ గోడలున్నయి. అందుకనే 30 ఏండ్లు వర్గీకరణ కోసం కొట్లాడాల్సి వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినంక, 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో ఎస్సీలను మూడు గ్రూపులుగ చేసి అమల్లోకి తెచ్చిండ్రు. కింది మెట్టు మీద కాలు తీయకుండ పై మెట్టు నుంచి న్యాయం అడిగితే ఎవరు నమ్ముతరు?

ఈ నేల ఈ పాఠం ఎప్పుడో నేర్పింది. 1906లోనే భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి, వాడ పిల్లలకు బడులు నడిపిండు. వెట్టి మీద, దొర మీద లేచిన పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో ఒరిగిన దొడ్డి కొమరయ్య గొర్లకాపరి ఇంటి బిడ్డ. పాలకుర్తిలో తన పంటను గుంజుకపోనియ్యని ఐలమ్మ చాకలి ఇంటి ఆడబిడ్డ. "నీ బాంచన్ కాల్మొక్త" అన్న నోటితోనే ఎదురు మాట్లాడించిన నేల ఇది. ఆ వారసత్వం మీదనే మనం ఆత్మగౌరవం అనే మాటను ఎత్తుకున్నం.

ఆ మాటను ఒక్కసారైనా నిజం చేసి చూపెట్టినం. 2011లో వంటావార్పు గుర్తున్నదా? నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టినం. ఎవరు బియ్యం తెచ్చిండ్రో, ఎవరు గంజి వార్చిండ్రో అడగలేదు. వకీలు పక్కన రిక్షా తొక్కేటోడు, పంతులు పక్కన పారిశుద్ధ్య కార్మికుడు ఒకే బంతిలో కూసున్నరు. అప్పుడు నేను విద్యార్థిని. చూరు గిలాస ఇంటి నుంచి వచ్చిన నేను ఎవరో వండిన బువ్వ ఎవరో వడ్డిస్తే తిన్న. అన్నం చేదు కాలేదు, ఆకాశం కూలలేదు. ఆ రోజు ధూంధాం మీద డప్పు మోగితే ఊరంత ఎగిరింది. రోడ్డు మీద కలిసి తిన్నోళ్లం ఇంటికి పోయినంక మళ్లీ ఎవరి పొయ్యి వాళ్లు ఎందుకు ముట్టించినం? వేదిక మీద మోగితే ఉద్యమమైన డప్పు, ఊర్లో మోగితే మళ్లీ కులవృత్తి ఎందుకయింది? చేతకాక కాదు. ఒక్కసారి చేసి చూపెట్టినోళ్లకు చేతకాదనే సాకు ఇక లేదు.

2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. కొత్త సచివాలయానికీ ఆయన పేరే పెట్టిండ్రు. మంచిదే. కాని విగ్రహం ఎత్తు అడుగుల్లో కొలుస్తరు, ఆయన చెప్పిన సమానత్వం గడపల్లో కొలవాలె. 2024లో మొదలై 2025 ఫిబ్రవరిలో బయటపెట్టిన రాష్ట్ర కులసర్వే ప్రకారం ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం. కులాన్ని లెక్కపెడితే కులం పెరుగుతదని కొందరంటరు. జ్వరాన్ని థర్మామీటర్ పుట్టియ్యదు. రిజర్వేషన్ల వల్లనే కులం ఉన్నదనేటోళ్లు కూడ ఉన్నరు. చూరులో గిలాస పెట్టింది ఏ రిజర్వేషన్?

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉన్నది. కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలె. 2016 జనవరి 26 నుంచి సాంఘిక బహిష్కరణ కూడ ఆ చట్టం కింద నేరమే. విధి కావాలని నిర్లక్ష్యం చేసిన ఉద్యోగి మీద కూడ అదే చట్టం పని చేస్తది. నెలాఖరుకు ఊర్లలో జరపాల్సిన పౌరహక్కుల దినం చాలాచోట్ల సంతకాలు, ఫొటోలతో అయిపోతున్నది. మీరు ఆ ఊరికి పోతే హోటల్‌లో చాయ్ తాగి, గుడి ముందట నిలబడి, వాడ మనిషిని పక్కన కూసోబెట్టుకొని రిపోర్టు రాయండి. పక్క సీటు మనిషిని "కోటాలో వచ్చిండు" అనే నాలుకను కూడ కొంచెం ఆపండి.

విద్యార్థి మిత్రులకు ఇంకో మాట. ఊర్లో "మీరేమోళ్లు?" అని అడుగుతరు, క్యాంపస్‌లో "ర్యాంకెంత?" అని అడుగుతరు. ప్రశ్న మారింది, కావాల్సిన జవాబు ఒకటే. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములను పోగొట్టుకున్నం. మెస్సులో, హాస్టల్ గదిలో పక్కోడు ఒంటరి అవుతుంటే ఆ ప్రశ్నకు మీరే అడ్డం పడాలె. అమెరికా పోతే పోతదనుకోవద్దు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. పాస్‌పోర్టుతో పాటు కులాన్ని మోసుకపోయిన వాళ్లలో మన తెలుగువాళ్లు తక్కువేం కాదు.

మూడో అధికరణకు పార్లమెంటులో మెజారిటీ కావాల్సి వచ్చింది. అరవై ఏండ్లు కొట్లాడినం, ఎందరో బిడ్డలను పోగొట్టుకున్నం. పదిహేడో అధికరణకు ఎవరి మెజారిటీ అక్కర్లేదు. కిరాయికి ఇల్లు ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న అడగకుంటే చాలు. ఇంటికొచ్చిన మనిషికి మనం తాగే గిలాసలోనే చాయ్ ఇస్తే చాలు. కూతురు మనసు చెప్పుకుంటే ముందుగాల పిలగాని గుణం అడిగితే చాలు. దీనికి జేఏసీ పిలుపు ఇయ్యదు, తేదీ ప్రకటించదు.

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు, ఆ పెంకుటిల్లు లేదు, చూరు కూడ లేదు. గిలాస ఎటు పోయిందో తెల్వదు. మన మనసుల చూరులో చెక్కి ఉన్న గిలాసను మాత్రం ఎవరిది వాళ్లే తీసి లోపల పెట్టుకోవాలె.