మూలికయైనంత మాత్రమున మేలగునా?

సంతానము కొరకు తపించు దంపతుల దుఃఖము చిన్నది కాదు. పెండ్లియై రెండేండ్లు గడచునప్పటికి చుట్టములును ఇరుగుపొరుగువారును వేయు ప్రశ్నలు ఆ ఇంటి కోడలిని కుంగదీయును. అట్టి సమయమున “ఫలానా ఊరిలో ఒకాయన పసరు ఇచ్చును, మూడు నెలలలో కడుపు పండును” అని ఎవరైనను చెప్పినచో కాదనుటకు ఎవరికిని మనసొప్పదు. ఆ పసరును గూర్చియు, గర్భము నిలిచిన పిదప వచ్చు పొట్లములను గూర్చియు కొన్ని నిష్ఠురములైన మాటలు చెప్పవలసియున్నది. మన ఇండ్ల ఆడుబిడ్డల ప్రాణములతో కూడిన విషయమగుటచే మొగమాటము పనికిరాదు.

హోసూరు రహదారి మీద, ఆనేకల్లుకు దారి చీలుచోట నున్న ఈ చందాపురమున తెలుగుమాట క్రొత్తది కాదు. ఆనేకల్లు తాలూకాలోను, సరిహద్దుకు ఆవల హోసూరు ప్రాంతమునను తరతరములుగా తెలుగు కుటుంబములు కలవు. బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామిక వాడలు వెలసిన తరువాత మరికొందరు వచ్చి స్థిరపడిరి. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, కచేరీలో ఇంగ్లీషు – ఇది మన బ్రతుకు. బజారు పనులు ఏ భాషలోనైనను జరుగును. కాని నెలసరి బాధను, గర్భస్రావమైన దుఃఖమును పరభాషలో చెప్పుకొనుట కష్టము. ఆసుపత్రిలో నోరు విప్పలేక తిరిగి వచ్చిన స్త్రీకి, “ఏమమ్మా, ఏమి బాధ?” అని తెలుగున పలుకరించు నాటుమందులవాడు పుట్టింటివానివలె తోచును. భాష కలిసినంతనే నమ్మకము కలియుచున్నది. మాతృభాష మీది మన మక్కువ ఇట్లు ఒకరి వ్యాపారమునకు పెట్టుబడి కారాదు. తెలుగున చెప్పినంత మాత్రమున అసత్యము సత్యము కాదు.

“ఆకులు, వేళ్ళు గదా, హాని ఏమి?” అనుట మన వారిలో పాతుకొనిన మొదటి భ్రాంతి. అడవినాభి దుంప మూలికయే; దానిలోని కోల్చిసిన్ అను విషము ప్రాణములు తీయగలదు. ఆ మొక్కకు గర్భపాతిని యను పేరు పెట్టినవారు మన పూర్వులే. చిత్రమూలము వేరు మూలికయే. గర్భము పోగొట్టుటకు దానిని వాడి ప్రాణము మీదికి తెచ్చుకొనిన స్త్రీల వృత్తాంతములు వైద్య గ్రంథములలో కలవు. అడ్డసరములోని వాసిసిన్ అను పదార్థము గర్భాశయమును సంకోచింపజేయును. దగ్గునకు మంచిదని గర్భవతికి అడ్డసరపు కషాయమిచ్చు అత్తగారికి ఈ సంగతి తెలియవలదా? ఆముదము సైతము విరేచనముతో ఆగదు. దానిలోని ఆమ్లము గర్భాశయ కండరములను కదలించు తీరును 2012లో శాస్త్రజ్ఞులు విశదపరచిరి. ఈశ్వరివేరు జాతి మొక్కలలోని ఆమ్లము మూత్రపిండములను చెరచును, పుట్టకురుపును కలిగించును. బెల్జియములో సన్నబడుటకు మందు పుచ్చుకొనిన స్త్రీలు పలువురు మూత్రపిండములు పోగొట్టుకొనిరి. ఒక మూలికకు బదులు ఈ జాతి మొక్క పొడి కలిసినదని 1993లో బయటపడినది. అక్కడి మందుల దుకాణములలోనే ఇట్టి పొరపాటు జరిగినప్పుడు, సంతలో గోనెసంచి నుండి తీసి ఇచ్చు పొడికి హామీ ఎవరు?

వంటలో వేసికొను అల్లము, జీలకర్ర, కొత్తిమీర వంటి వానిని గూర్చి ఈ మాట కాదు. అన్నములో కలియు చిటికెడు వేరు, నలుబది దినములు పరగడుపున గ్రుక్కెడు త్రాగు కషాయము వేరు. మోతాదు మారినచో ఆహారము ఔషధమగును, ఔషధము విషమగును.

రెండవ భ్రాంతి, పొట్లములో ఉన్నదంతయు మూలికయే యనుట. రసౌషధములలో పాదరసము, సీసము, పాషాణము చేరుట శాస్త్రోక్తమే. గర్భమును కాపాడునని పేరుపొందిన గర్భపాలరసమున నాగభస్మము, అనగా సీసపు భస్మము, కలియును. 2011, 2012 సంవత్సరములలో న్యూయార్కు నగరమున ఆరుగురు గర్భవతుల రక్తమున సీసము ప్రమాదకరమైన మేరకు ఉన్నట్లు కనుగొనబడెను. వారిలో అయిదుగురు భారతదేశమున పుట్టినవారు. ఆరుగురును ఆయుర్వేద మందులు వాడినవారే. ఆ మందులలో ఒకదానియందు సీసము నూటికి రెండు వంతులకు మించి యుండెను. సీసము ఒకసారి ఒంటికెక్కినచో ఎముకలలో చేరి ఏండ్ల తరబడి నిలుచును. గర్భకాలమున ఎముకల నుండి మరల రక్తములోనికి దిగి, మావిని దాటి శిశువు మెదడును చేరును. తల్లికి ఏ బాధయు తెలియకయే బిడ్డ బుద్ధిబలము క్షీణింపవచ్చును.

మన ఊరి సంగతియే చూడుడు. చందాపురపు చెరువు కలుషితమైనదని 2022లో జాతీయ హరిత ధర్మాసనము కర్ణాటక ప్రభుత్వముపై 500 కోట్ల రూపాయల పరిహారము విధించిన వార్త అందరును వినినదే. చెరువుగట్టుల తడిలో పెరుగు గుంటగలగర, పొన్నగంటి వంటి మొక్కలు నీటిలోని లోహములను పీల్చుకొనగలవు. గ్రంథమున ఆ ఆకు గుణములెన్ని చెప్పియున్నను, ఏ గట్టున కోసిరో తెలియని ఆకును గర్భవతికి నూరి పోయుట వివేకమా?

అన్నిటికంటె ఘోరమైనది మగబిడ్డ మందు. బిడ్డ ఆడయో మగయో గర్భము నిలిచిన క్షణముననే, తండ్రి బీజమును బట్టి, తేలిపోవును. ఆ తరువాత రెండవ నెలలో ఇచ్చు ఏ మందును దానిని మార్చజాలదు. కాని చెరుపు చేయగలదు. హర్యానాలో పరిశోధకులు 2015లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఇట్టి మందులు తిన్న తల్లుల బిడ్డలకు అంగవైకల్యము కలుగు అవకాశము సుమారు మూడింతలు. ఆ మందులలో వాడు శివలింగి గింజలు మొదలగువానిలో స్త్రీ హార్మోనులను పోలిన పదార్థములు కలవు. మగబిడ్డ కలిగినచో మందు మహిమ. ఆడుబిడ్డ కలిగినచో పథ్యము తప్పిన తల్లి దోషము! ఏ నాణెమును ఎగురవేసినను సగము పాళ్ళు గెలుచు పందెమిది. ఇందులో ఓడునది తల్లియు బిడ్డయు మాత్రమే.

ఇంకొక అన్యాయము కలదు. పిల్లలు కలుగనిచో మందు త్రాగునది ఎప్పుడును భార్యయే. లోపము పురుషునియందు ఉండు సందర్భములు తక్కువ కావు. వీర్యపరీక్ష సులభమైనది, ఖర్చు స్వల్పము. దానికి వెళ్ళుట అవమానమని తలచు భర్త, భార్యచేత ఏడాది పొడవున చేదు కషాయములు త్రాగించుటకు సందేహింపడు. ఈలోగా ఆమెకు థైరాయిడు దోషమున్నదో, గర్భనాళములు మూసికొనిపోయినవో, మన దేశమున అరుదు కాని గర్భాశయ క్షయ యున్నదో చూచువారు లేరు. కషాయము హాని చేయకపోయినను కాలమును హరించును. ముప్పదియైదేండ్లు దాటుచున్న స్త్రీకి పోయిన రెండేండ్లను ఎవరు తిరిగి ఇత్తురు?

“మన పెద్దలు వాడలేదా? వారు బిడ్డలను కనలేదా?” అని అడుగువారుందురు. కనిరి, కన్నవారిలో ఎందరు బ్రతికిరో, పురిటిలో ఎందరు తల్లులు పోయిరో పాత కుటుంబముల వంశవృక్షములే చెప్పును. పూర్వుల మీద గౌరవమున్నచో వారి జాగ్రత్తను కూడ గౌరవింపవలెను. గర్భిణిని అంచుదాక నూనె నింపిన పాత్రవలె మెలకువతో కాపాడవలెనని చరకసంహిత చెప్పుచున్నది. గుణము తెలియని మందు విషముతో సమానమనుటయు ఆ గ్రంథమే. అట్టి శాస్త్రము పేరు చెప్పి పేరులేని పొట్లములమ్ముట ఆయుర్వేదమునకే అపచారము. పట్టము పొంది, పేరు నమోదై, చీటీ వ్రాసి సంతకము చేయు ఆయుర్వేద వైద్యునికిని, పొట్లము చేతిలో పెట్టి మరునాడు కనబడని వానికిని గల భేదమును మనము గుర్తింపవలెను.

“ఇంగ్లీషు మందులు మాత్రము హాని చేయలేదా?” అనునది మరియొక ప్రశ్న. చేసినవి. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకమునకు వచ్చిన థాలిడోమైడ్ మందు వలన పదివేలకు పైగా శిశువులు అంగవైకల్యముతో పుట్టిరి. అయితే ఆ ఘోరము బయటపడినదెట్లు? మందుకు పేరున్నది, చేసినవారున్నారు, ఎవరికి ఎప్పుడు ఇచ్చిరో లెక్కలున్నవి. 1961లో దానిని అచట బజారు నుండి తొలగించిరి. తరువాత పలు దేశములు పరీక్షల చట్టములను బిగించినవి. పసరు మందు చేసిన హానికి లెక్కయే లేదు. లెక్క లేకపోవుటను హాని లేకపోవుటగా మనము పొరబడుచున్నాము.

ఆకు మనకు శత్రువు కాదు. దీనికి సాక్షి మన తెలుగువాడే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు వెళ్ళుటకు ముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించినవారు. రక్తహీనతతో కృశించు గర్భవతులను బొంబాయిలో పరిశీలించిన లూసీ విల్స్, ఈస్టు సారములో వారిని బాగుచేయు గుణమున్నదని 1931లో ప్రకటించెను. ఆ గుణము గల పదార్థమును 1941లో పాలకూర ఆకుల నుండి వేరుచేసి, ఆకును తెలుపు లాటిను మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. 1945లో సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయము దానిని కృత్రిమముగ తయారుచేసెను. అది గర్భమునకు ముందే మొదలిడినచో వెన్నుపాము లోపములను చాలవరకు నివారించునని 1991లో బ్రిటిషు పరిశోధన నిరూపించినది. నేడు ఆనేకల్లు సర్కారు ఆసుపత్రిలో గర్భవతికి ఉచితముగ ఇచ్చు ఇనుము మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఒక ఆకు ఔషధమగుటకు నడచిన దారి ఇది: పేరు, పాలు, పరీక్ష, బాధ్యత. ఈ నాలుగును లేని పొట్లమునకు మన తల్లుల కడుపు పరీక్షాశాల కారాదు.

చట్టము లేకపోలేదు. స్త్రీల వంధ్యత్వమును, గర్భాశయ వ్యాధులను కుదుర్తునని ప్రకటనలు చేయుట 1954 నాటి ఔషధ, మాయామందుల చట్టము క్రింద నేరము. గోడల మీద నేటికిని ఆ ప్రకటనలు కనబడుచున్నవనగా, చదివి ఊరకుండువారిలో మనమును ఉన్నామన్నమాట.

కనుక ఒక నియమము పెట్టుకొందము. గర్భవతి నోటిలో పడు ఏ మందుకైనను మూడు ప్రశ్నలు: ఇందులో ఏమున్నది? ఎంత ఉన్నది? కీడు జరిగినచో జవాబు చెప్పువారెవరు? వ్రాతపూర్వకముగ సమాధానము రానిచో ఆ మందు గడప దాటరాదు. ఇప్పటికే వాడుచున్నవారు ఆ పొట్లమును దాచక ప్రసూతి వైద్యురాలికి చూపవలెను. దాచినచో ఆమె ఇచ్చు మందుతో అది కలిసి మరింత కీడు చేయవచ్చును. ప్రతి మాసము తొమ్మిదవ తేదీన సర్కారు ఆసుపత్రులలో గర్భవతులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. కన్నడము చక్కగా వచ్చిన మన స్త్రీలు ఆనాడు క్రొత్తగా వచ్చిన తెలుగు గర్భిణులకు తోడువెళ్ళి, వారి బాధను వైద్యులకు విడమరచి చెప్పవచ్చును. ఉగాదికి కవి సమ్మేళనము జరుపు సంఘమునకు ఇది పెద్ద భారము కాదు. తన బాధను తన భాషలో వినువారు ఆసుపత్రిలోనే దొరకినప్పుడు, మన ఆడుబిడ్డ పసరు మందు గడప తొక్కదు.