బకెట్టు వల్ల కాదు, సినిమా హాలు వల్ల కాదు

కారంచేడు గురించి చీరాల, పర్చూరు వైపు అడిగితే ముందు బకెట్టు కథ వినిపిస్తుంది. చుండూరు గురించి తెనాలి వైపు అడిగితే సినిమా హాల్లో కాలు తగిలిన కథ వినిపిస్తుంది. చిన్న గొడవే, చిలికి చిలికి గాలివానైంది, కుర్రాళ్ల ఆవేశం అదుపు తప్పింది, ఇప్పుడు పాత సంగతులు తవ్వితే పగలు తప్ప ఏం మిగులుతాయి అంటారు. రెండు మారణకాండలకూ వివరణ అక్కడితో అయిపోతుంది. యూరప్‌లో 60 లక్షల మంది యూదుల్ని చంపిన సంగతి వస్తే దానికీ ఇంతే తేలికైన జవాబు ఉంది. అదంతా హిట్లర్ అనే పిచ్చివాడి పని అంటారు.

ఈ వివరణలన్నీ తప్పే. ఒకటి ఊరి గొడవ గురించి, మరొకటి ప్రపంచ చరిత్ర గురించి చెబుతున్నట్టు కనిపించినా అవి చేసే పని ఒక్కటే. సాకును కారణం చేసి చూపిస్తాయి. ఏళ్ల తరబడి సాగిన తయారీని, అందులో తలా ఒక చెయ్యి వేసిన మామూలు మనుషుల్ని లెక్కలోంచి తప్పిస్తాయి.

కారంచేడులో ఏం జరిగింది? 1985 జూలై 16 సాయంత్రం, మాదిగలు తాగునీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెకు కుడితి పెట్టి, ఆ బకెట్టు కడిగిన మురికి నీళ్లు చెరువులో పడేట్టు చేశారు. ఒక మాదిగ కుర్రాడు అదేమిటని అడిగాడు. అడిగినందుకు కొట్టబోయారు. నీళ్లకు వచ్చిన ఒక మాదిగ స్త్రీ అడ్డుపడింది. తన మీదికి దెబ్బ వస్తుంటే చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, వందల మంది గొడ్డళ్లు, బరిసెలు, కర్రలతో మాదిగపల్లె మీద పడ్డారు. పారిపోయిన వాళ్లను పొలాల్లో వెంటాడారు. ఆరుగురు మగవాళ్లను చంపారు, ఆడపిల్లల మీద అత్యాచారం చేశారు. పల్లె పల్లెంతా ఊరు వదిలి చీరాలకు నడిచింది.

ఒక చెంపదెబ్బకు ఆవేశం చాలు. వందల మందిని కూడగట్టడానికి, ఆయుధాలు చేతికివ్వడానికి, ఏ దారిన వెళ్లాలో అనుకోవడానికి ఆవేశం చాలదు. ముందు ఒప్పందం కుదరాలి. సాయంత్రం జరిగిన గొడవ రాత్రి తెల్లవారితే చల్లారాలి గాని, తెల్లవారాక సైన్యంగా మారిందంటే ఆ రాత్రి ఊళ్లో ఎన్నో ఇళ్లలో మాటలు జరిగాయి. వద్దన్న వాళ్ల మాట చెల్లలేదు, లేదా వద్దన్న వాళ్లే లేరు. మాదిగలకు బుద్ధి చెప్పాలన్న మాట మాత్రం అప్పటికే అందరి నోటా సిద్ధంగా ఉంది. గేదె, బకెట్టు లేకపోతే మరో సాకు దొరికేది. రెండేళ్లు తిరిగేసరికి, 1987లో, మంగళగిరి దగ్గర నీరుకొండలో పెళ్లి ఊరేగింపు దొరికింది.

అసలు కోపం ఎత్తిన బిందె మీద. కృష్ణా కాలువల నీళ్లతో వరి, మెరకల్లో పొగాకు, పత్తి, మిరప పండించి రెండు మూడు తరాల్లో బాగా సంపాదించిన ఆసాములకు, ఆ చేలల్లో కోతలు కోసి, పత్తి తీసి, మిరపకాయలు ఏరిన మనుషులు తలెత్తి మాట్లాడటం కొత్త. పాలేరుతనం తగ్గింది. మిషన్ బడుల్లో, సర్కారు హాస్టళ్లలో చదివిన పిల్లలు వాడలకు తిరిగొచ్చి ఇంగ్లీషు పేపరు చదువుతున్నారు, కూలి రేటు అడుగుతున్నారు, ఓటు తమకు నచ్చిన వాళ్లకు వేస్తున్నారు. వాళ్ల చేతుల పని కావాలి గాని వాళ్లు తమ పక్కన నిలబడటం సహించలేనిది. ఇక్కడ పేదరికం కన్నా, పేదవాడు పేదవాడిలా ఉండటం మానేశాడన్న కడుపుమంట పెద్దది.

చుండూరులో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి దళితవాడలో చదువుకున్న వాళ్లు, ఉద్యోగస్థులు తక్కువేం కాదు. 1991 జూలై 4న సినిమా హాల్లో పీజీ చదివిన ఒక దళిత యువకుడి కాలు ముందు వరుసలోని రెడ్డి కుర్రాడికి తగిలింది. టిక్కెట్టు కొన్న వాళ్లందరికీ ఒకే ధర, ఒకే వరుసలు. ఊళ్లో లేని సమానత్వం ఆ హాల్లో మాత్రం ఉంది. తర్వాత జరిగింది సినిమా హాలు గొడవ అనడానికి వీల్లేనిది. ఊరి పెద్ద కులాలు దళితులను వెలివేశాయి. పొలాల్లో పని ఇవ్వలేదు. కూలి కోసం వాళ్లు వేరే ఊళ్లకు వెళ్లారు. ప్రభుత్వం 144 సెక్షను పెట్టి పోలీసు పికెట్టు వేసింది. అంటే ప్రమాదం ఉందని సర్కారుకు తెలుసు. ఆగస్టు 6న, పోలీసులు ఊళ్లో ఉండగానే, ఎనిమిది మంది దళితులు హతమయ్యారు. వాళ్లు వస్తున్నారు, పారిపొండి అని పోలీసులే చెప్పారని, అలా పొలాలకు పరుగెత్తిన మగవాళ్ల కోసం గుంపులు అక్కడ కాచుకుని ఉన్నాయని బతికిన వాళ్లు చెప్పారు. పౌరహక్కుల సంఘాలు ఆ మాటలను నమోదు చేశాయి. శవాలను గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. గోనె సంచులు సిద్ధంగా పెట్టుకున్న మనుషుల గురించి క్షణికావేశం అనడం చచ్చిపోయిన వాళ్లకు రెండోసారి చేసే అన్యాయం.

జర్మనీలోనూ సాకుకు కొదవ లేదు. 1938 నవంబరు 7న పారిస్‌లో హెర్షెల్ గ్రిన్‌స్పాన్ అనే 17 ఏళ్ల యూదు కుర్రాడు జర్మన్ దౌత్య ఉద్యోగి ఫామ్ రాట్‌ను కాల్చాడు. అంతకు కొద్ది రోజుల ముందే ఆ కుర్రాడి కుటుంబాన్ని, ఇంకా వేల మంది పోలిష్ యూదుల్ని జర్మన్ పోలీసులు సరిహద్దు దాటించి తోసేశారు. కాల్పులు జరిగిన రెండు రోజులకు, నవంబరు 9 రాత్రి, దేశమంతటా యూదుల దుకాణాలు, సినగాగులు తగలబడ్డాయి. ప్రజలు ఆగ్రహంతో తిరగబడ్డారని నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ ప్రకటించాడు. అది అబద్ధం. అడ్డుపడొద్దని పోలీసులకు, పక్కనున్న జర్మన్ల ఇళ్లకు నిప్పు అంటుకుంటే తప్ప మంటలు ఆర్పొద్దని ఫైరింజన్లకు ఉత్తర్వులు వెళ్లాయి. దాదాపు 30,000 మంది యూదు మగవాళ్లను పట్టుకుని శిబిరాల్లో వేశారు. నష్టపోయిన యూదుల మీదే వంద కోట్ల మార్కుల జరిమానా వేశారు. పారిస్ తుపాకీ లేకపోతే ఆ రాత్రి వచ్చేది కాదనే వాళ్లు, అంతకు ముందు ఐదేళ్లు ఏం జరిగిందో చూడాలి.

హిట్లర్‌ను పిచ్చివాడన్నందువల్ల ఆ ఐదేళ్లు అర్థం కావు. 1928 ఎన్నికల్లో ఆయన పార్టీకి వచ్చింది 2.6 శాతం ఓట్లు. ఆర్థిక మాంద్యంలో 60 లక్షల మంది నిరుద్యోగులైన 1932 జూలైలో 37.3 శాతం. మెజారిటీ రాకపోయినా, తమ చెప్పుచేతల్లో ఉంటాడనుకున్న సంప్రదాయవాదుల సలహాతో 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ ఆయనను చాన్సలర్‌గా నియమించాడు. ఏప్రిల్ 1న యూదుల దుకాణాల బహిష్కరణ జరిగింది. ఆరు రోజులకు ప్రభుత్వ ఉద్యోగాల నుంచి వాళ్లను తీసేసే చట్టం వచ్చింది. 1935లో న్యూరెంబర్గ్ చట్టాలు వాళ్ల పౌరసత్వం లాక్కుని, జర్మన్లతో పెళ్లిళ్లు నిషేధించాయి. యూదులు అప్పటికి జర్మనీ జనాభాలో ఒక్క శాతం కూడా లేరు. ఖాళీ అయిన ప్రొఫెసర్ కుర్చీలో మరొక ప్రొఫెసర్ కూర్చున్నాడు, ప్రాక్టీసు మూతపడిన డాక్టరు రోగులు పక్క వీధి డాక్టరు దగ్గరికి వచ్చారు. తర్వాత యుద్ధకాలంలో, తరిమేసిన యూదుల మంచాలు, దుప్పట్లు, వంటపాత్రలు హాంబర్గ్‌లో వేలం వేస్తే జనం వచ్చి కొనుక్కున్నారు. వీళ్లెవరూ హంతకులు కారు. హత్యకు దారి పరిచినవాళ్లు మాత్రం వీళ్లే.

చంపినవాళ్ల సంగతి ఇంకా ఇబ్బంది పెడుతుంది. హాంబర్గ్ నుంచి వెళ్లిన 101వ రిజర్వ్ పోలీసు బెటాలియన్‌లో దాదాపు 500 మంది నడివయసు మగవాళ్లు. డాక్ కూలీలు, లారీ డ్రైవర్లు, గుమాస్తాలు. 1942 జూలై 13న పోలండ్‌లోని యుజెఫూఫ్ అనే ఊరి బయట, ఈ పని చేయలేనివాళ్లు పక్కకు తప్పుకోవచ్చని కమాండర్ మేజర్ ట్రాప్ చెప్పాడు. డజను మంది దాకా తప్పుకున్నారు. మిగిలినవాళ్లు ఆ రోజు సుమారు 1,500 మంది యూదుల్ని, ఆడవాళ్లనూ పిల్లల్నీ కూడా కాల్చి చంపారు. తప్పుకున్నందుకు ఎవరికీ మరణశిక్ష పడలేదు. ఆ బెటాలియన్ కథను చరిత్రకారుడు క్రిస్టఫర్ బ్రౌనింగ్ 1992లో పుస్తకంగా రాశాడు. అందరికీ పిచ్చి పట్టిందని చెప్పి ఆ 500 మందిని పక్కన పెట్టలేం. పక్కవాడు ఏమనుకుంటాడోనన్న భయం, తోటివాళ్లను వదిలి వెళ్లడం పిరికితనమన్న భావన, వీళ్లు మనలాంటి మనుషులు కారన్న పదేళ్ల ప్రచారం సరిపోయాయి. కారంచేడు రాత్రిలోనూ ఇవి మూడూ ఉన్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ఆరుగురు, ఎనిమిది మందిని 60 లక్షల పక్కన పెట్టవచ్చునా? పెట్టకూడదు. అక్కడ ఒక ఆధునిక రాజ్యం మొత్తం జాతిని లేకుండా చేయాలని పథకం వేసి, రైళ్లు, గ్యాస్ చాంబర్లు, జాబితాలు నడిపింది. ఇక్కడ రాజ్యం పథకం వేయలేదు. పెద్ద కులం వేసుకుంది, రాజ్యం దాన్ని ఆపలేకపోయింది. నాజీలు యూదుల్ని తరిమేయాలనుకున్నారు, తర్వాత చంపేయాలనుకున్నారు. ఇక్కడి ఆసాములకు దళితులు లేకుండా చేను ముందుకు సాగదు. వాళ్లు కోరుకున్నది వాళ్ల లొంగుబాటు. తేడాలు పెద్దవే. అయినా రెండు చోట్లా హత్యకు ముందు వెలి నడిచింది, వెలికి ముందు ద్వేషం పనికొచ్చే మాటగా చలామణీ అయింది, పక్కింటివాళ్లు చూస్తూ ఊరుకున్నారు. ఆ క్రమం తెలియాలంటే పోల్చి చూడాలి.

ఇలా పోల్చడానికి గుంటూరు జిల్లాకు మరో హక్కు కూడా ఉంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. బెనె ఎఫ్రాయిమ్ అని తమను తాము పిలుచుకుంటాయి. మాదిగవాడకు చెందిన ఆ కుటుంబాలు ఒకప్పుడు చర్చికి వెళ్లేవి. 1990ల మొదట్లో తమ ఊళ్లో సినగాగు కట్టుకున్నాయి, సబ్బాతు పాటిస్తాయి. వాళ్ల గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పుస్తకం 2013లో వచ్చింది. వాళ్ల వంశావళి మీద వాదనలు ఎన్నున్నా, యూదుల కష్టాల చరిత్రను తమ వాడ చరిత్రతో కలిపి చదువుకున్న మనుషులు ఈ నేల మీదే ఉన్నారు. చుండూరు అక్కడికి దూరమేం కాదు.

పాత గాయాలు కెలకొద్దు అనేవాళ్లకు కోర్టుల చరిత్ర జవాబు చెబుతుంది. కారంచేడు బాధితులు చీరాలలో శిబిరం పెట్టుకుని పోరాడారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం తదితరుల నాయకత్వంలో 1985లోనే దళిత మహాసభ పుట్టింది. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది.  చుండూరు బాధితులు చనిపోయినవాళ్లను ఊరి నడుమ పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల పట్టుదలతో ప్రత్యేక కోర్టు చుండూరుకే వచ్చింది. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్లింది. గాయం మానిపోయిందని చెప్పేవాళ్లు దాన్ని ఎవరు ఎప్పుడు కుట్టారో కూడా చెప్పాలి.

దేశం బాగుపడాలంటే ఒక హిట్లర్ రావాలి అని టీ కొట్ల దగ్గర, కాలేజీ మెట్ల మీద చాలా సార్లు వినిపిస్తుంది. వాళ్లు కోరుకునేది రోడ్లు, క్రమశిక్షణ, లంచాలు లేని ఆఫీసు. ఆ కోరిక అర్థమవుతుంది. అయితే ఆ క్రమశిక్షణ ఎవరి తొలగింపుతో మొదలైందో, ఆ ఆఫీసులో ఎవరి కుర్చీ ముందుగా ఖాళీ అయిందో చెప్పకుండా ఆ మాట అనడం ఈ ప్రాంతంలో చెల్లదు. బడి చరిత్ర పుస్తకాల్లో నాజీయిజం మీద పాఠం ఉంటుంది. పర్చూరులో, తెనాలిలో దాన్ని చెప్పే మాస్టారు, మన దగ్గర వెలి ఎలా మొదలవుతుంది అని పిల్లల్ని ఒక్కమాట అడిగితే ఆ పాఠం బెర్లిన్‌లో ఆగిపోదు.

2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సామాజిక, ఆర్థిక బహిష్కారం స్పష్టంగా నేరం. ఒక ఊళ్లో దళితులను కూలికి పిలవడం మానేశారని, కిరాణా ఇవ్వడం లేదని తెలిసిన రోజే కలెక్టరు, ఎస్పీ కదలాలి, కేసు కట్టాలి. అది ఇంకా మాటల స్థాయిలోనే ఉంది, చర్చలతో సర్దుకుంటుంది అని పెద్దమనుషులు చెప్పే సలహాను ఆ రోజు వినకూడదు. చుండూరులో జూలై 4 నుంచి ఆగస్టు 6 దాకా 33 రోజులు గడిచాయి, ఆ 33 రోజులూ ఊళ్లో పోలీసులు, అధికారులు వస్తూ పోతూనే ఉన్నారు. ఈ మధ్య పల్నాటి నుంచి బాపట్ల దాకా ఏ ఊళ్లో గుడి దగ్గరో, విగ్రహం దగ్గరో గొడవ వచ్చి కూలి ఆగినా, ఆ 33 రోజుల లెక్క మొదలైనట్టే.