ముఫ్త్ తాలీం అంటే ఇజ్జత్ లేదా?



మహల్లా మస్జిద్‌లో మౌల్వీ సాబ్ పిల్లలకు ఫీజు లేకుండా అలిఫ్ బే నేర్పిస్తే దాన్ని సవాబ్ అంటాం. అదే ఎవరైనా ముఫ్త్‌గా బాన్సురీ నేర్పిస్తామంటే, "పైసల్లేని క్లాసులో ఏమొస్తది, వక్త్ బర్బాద్" అంటాం. ఈ రెండో మాట మీదే నా ఏతరాజ్.

నా రాయ్ ఇది: మొజంజాహీ మార్కెట్ ఆంగన్‌లో ప్రతి ఇత్వార్ పొద్దున ఒక గంట ముఫ్త్ బాన్సురీ క్లాసు నడవాలి. అందులో మన పిల్లలూ కూర్చోవాలి.

అక్కడే ఎందుకు? 1935లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించి, రెండో కొడుకు మొఅజ్జం జా పేరు పెట్టిన రాతి ఇమారత్ అది. ఆ షాహ్‌జాదా శాయర్. ఆయన రాత్రి మెహఫిళ్లు మశ్హూర్. కానీ పిలుపు అందినవాళ్లకే ఆ దర్వాజా తెరుచుకునేది. 2020లో మరమ్మతు పూర్తయి మళ్లీ తెరుచుకున్న ఈ మార్కెట్‌కు ఎవరైనా రావచ్చు. ఆటో నడిపే మనిషి బిడ్డ కూడా.

జపాన్‌లో షాకుహాచి అనే వెదురు వాద్యం ఉంది. మన బాన్సురీలా అడ్డంగా కాకుండా, తుర్కీ నయ్ లాగా నిలువుగా పట్టుకుని కొసన ఊదుతారు. పొడవు సుమారు 54 సెంటీమీటర్లు, రంధ్రాలు 5. ఒకప్పుడు తల మీద బుట్ట బోర్లించుకుని ఖైరాత్ అడుగుతూ తిరిగే బౌద్ధ ఫకీర్లు దాన్ని ఊదేవారు. 1871లో అక్కడి ప్రభుత్వం ఆ సిల్సిలాను రద్దు చేసింది. అయినా ఆ హునర్ చావలేదు. ఉస్తాదులు మామూలు జనానికి నేర్పారు కాబట్టే బతికింది.

"మ్యూజిక్ హరామ్ కదా భాయ్?" అంటారు. ఈ మసలాలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. హరామ్ అని నమ్మి, శాదీలో కూడా బాజా పెట్టని ఇళ్లకు నా సలామ్. నా సవాల్ వేరేవాళ్లకు: బారాత్‌లో మర్ఫాకు అర్ధరాత్రి దాకా ఆడి, బిడ్డ బాన్సురీ పట్టుకుంటే మాత్రం దీన్ గుర్తుచేసుకునేవాళ్లకు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరం ఊది 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆయనా మనవాడే.

ముఫ్త్ అంటే సస్తా కాదు. పైసల బదులు సబర్ ఇవ్వాలి. మొదటి హఫ్తాల్లో గాలే వస్తుంది, సుర్ రాదు. నుమాయిష్‌లో కొన్న పిల్లనగ్రోవి మూడో రోజుకే అల్మారా ఎక్కేది అందుకే. పెదవి ఎక్కడ ఆనించాలో, సాన్స్ ఎక్కడ ఆపాలో పక్కన కూర్చుని చూపించే మనిషి కావాలి. వక్ఫ్ ఎక్కడ చేయాలో ఉస్తాద్ చెప్పకుండా తిలావత్ కుదరదని మనకు తెలుసు. రెండూ ఒకటని నేను అనడం లేదు. సాన్స్‌తో వచ్చే ఏ ఇల్మ్ అయినా ఉస్తాద్ లేకుండా రాదని మాత్రమే అంటున్నాను.

నేర్పేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? దగ్గర్లో, రామ్‌కోఠిలో, 1952లో మొదలైన ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. అక్కడ వేణువు నేర్చుకుని బయటికొచ్చినవాళ్లను అడగవచ్చు. బల్దియా జగా ఇవ్వాలి. మార్కెట్ దుకాణదారులు, మనలో స్తోమత ఉన్నవాళ్లు చందా వేసి ఉస్తాద్‌కు నజరానా ఇవ్వాలి. క్లాసు శాగిర్ద్‌కు ముఫ్త్ కావాలి, ఉస్తాద్ మెహనత్ ముఫ్త్ కాకూడదు.

ఇంట్లో మనం చేయాల్సింది ఒక్కటే. బిడ్డ నేర్చుకుంటానంటే, "ఫీజెంత?" అని కాదు, "ఎన్ని ఇత్వార్లు ఆపకుండా పోతావు బేటా?" అని అడుగుదాం.