79 లీటర్లా, 717 లీటర్లా?

దోశ వేసే ముందు పెనం మీద నాలుగు చుక్కలు చిలకరిస్తే 'చుయ్'మంటుంది కదా. ఆ చప్పుడు మర్చిపోయి ఓ సిమెంట్ ఫ్యాక్టరీలో పరువు పోగొట్టుకున్నా.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మన దగ్గర ఇదేం వింత కాదు లెండి! రెండేళ్ల కింద మా టీమ్‌కి ఆ ఫ్యాక్టరీ పని వచ్చింది. వేడి వాయువు మీద ఎన్ని నీళ్లు స్ప్రే చేయాలో ఆపరేటర్ స్క్రీన్ మీద చూపించే చిన్న ప్రోగ్రామ్ రాయాలి. 'నువ్వు మెకానికల్ కదా' అంటూ మేనేజర్ దాన్ని నాకే అంటగట్టాడు.

తాండూరు, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల వైపు వెళ్తుంటే సిమెంట్ ఫ్యాక్టరీల ఎత్తైన టవర్లు కనిపిస్తాయి. సున్నపురాయిని కాల్చే కిల్న్ నుంచి వచ్చే వాయువు, ప్రీహీటర్ దాటాక కూడా సుమారు 350 డిగ్రీల మీద ఉంటుంది. రాయి పొడి చేసే మిల్లు నడుస్తుంటే, ఆ వేడి పచ్చి రాయిని ఆరబెట్టడానికి పనికొస్తుంది. మిల్లు ఆగితే మాత్రం వేడంతా నేరుగా దుమ్ము పట్టే సంచుల మీదికే. గ్లాస్ ఫైబర్ సంచులైనా దాదాపు 260 డిగ్రీల వరకే తట్టుకుంటాయి. అందుకే వాటికి ముందే ఓ టవర్‌లో నీళ్లు స్ప్రే చేసి, వాయువుని 150 డిగ్రీల దాకా దించుతారు.

లెక్క సింపుల్. టవర్ గోడల నుంచి పోయే కాస్త వేడిని పక్కన పెడితే, వాయువు జేబులోంచి ఎంత పోయిందో నీళ్ల జేబులో అంతా చేరాలి. 1000 కిలోల వాయువు 200 డిగ్రీలు చల్లబడాలంటే, కిలోకి డిగ్రీకి 1.05 కిలోజౌల్స్ చొప్పున 2,10,000 కిలోజౌల్స్ వదలాలి. ఇంతవరకు ఓకే.

ఇక నీళ్ల వైపు. పాత ప్రాజెక్టులో వేడినీళ్ల పైపుల కోసం రాసిన ఫంక్షన్ ఉంటే కాపీ కొట్టేశా. అక్కడ నీళ్లు ఎప్పుడూ మరగవు, వేడెక్కుతాయంతే. 30 డిగ్రీల నుంచి 100 దాకా కిలో నీటికి 293 కిలోజౌల్స్. భాగిస్తే 717 లీటర్లు. టెస్టులన్నీ పాస్. పాస్ కాక ఏం చేస్తాయి? వాటిలో సరైన జవాబుగా పెట్టిన నంబర్ కూడా అదే ఫంక్షన్ నుంచి తీసిందే!

డెమోలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారు స్క్రీన్ వంక ఓసారి చూశారు.

"717 లీటర్లా? బాబూ, ఇన్ని నీళ్లు కొడితే టవర్ అడుగున బురదే. నీ కంప్యూటర్‌కి ఆ బురద అంటదు. గడ్డపార పట్టుకుని లోపలికి దిగేది మావాళ్లు."

"సార్, లెక్క ఓసారి చూసుకుంటా" అన్నా, తల దించుకుని.

చుయ్‌మన్నది అప్పుడు గుర్తొచ్చింది. 100 డిగ్రీల దగ్గర నీరు ఆవిరి కావడానికే కిలోకి 2,257 కిలోజౌల్స్ మింగుతుంది. ఆ ఆవిరి 150 డిగ్రీలకి చేరడానికి ఇంకో 100. మొత్తం కలిపి సుమారు 2,650. అంటే కావాల్సింది 79 లీటర్లే. నేను చెప్పింది దానికి తొమ్మిది రెట్లు! అన్ని నీళ్లని ఆవిరి చేసేంత వేడి ఆ వాయువులో లేదు. మిగిలిన నీళ్లు దుమ్ముతో కలిసి కిందికి జారి, గట్టిపడతాయి.

సరిచేసి పంపాక ఆయనే ఇంకో పాఠం చెప్పారు. నంబర్ కరెక్టయినా నాజిల్ అరిగిపోతే చుక్కలు లావుగా పడతాయి. చుక్క సైజు రెట్టింపైతే ఆరడానికి పట్టే టైమ్ సుమారు నాలుగింతలు. అది ఆరేలోపే అడుగుకు చేరుతుంది. బురద మళ్లీ మొదటికే. ఎన్ని నీళ్లు కావాలో ఎనర్జీ లెక్క చెప్తుంది, అవి టైమ్‌కి ఆవిరవుతాయో లేదో మాత్రం చెప్పదు.

అప్పట్నుంచి ఓ అలవాటు పెట్టుకున్నా. కోడ్ రన్ చేసే ముందు జవాబు సుమారుగా ఎంత రావాలో కాగితం మీద వేసుకుంటా. ఐదు నిమిషాల పని. ఆ ప్రోగ్రామ్‌లో చేత్తో లెక్కేసిన నంబర్‌తో పోల్చే టెస్టు ఒకటి కొత్తగా చేర్చా. దాని పేరు 'దోశ పెనం'.