సీటుకూ తాళం

నైల్స్ నుంచి బే దాకా అలమీడా క్రీకు గట్టున 12 మైళ్ళ సైకిలు బాట ఉన్నదని మేము తోలు సీటు కొన్నాము. కొత్త చెప్పులా మొదట బాధించినా, కొన్ని వందల మైళ్ళకు మా ఒంటికి అమరింది. సరిగ్గా అప్పుడే ఒక దుకాణం ముందు ఎవరో ఊడదీసుకుపోయారు. సైకిలుకు తాళం వేశాము, సీటుకు వేయలేదు!

కొనబోయేవారికి మా మాట. నిటారుగా కూర్చుని తొక్కేవారికి వెడల్పు సీటు, వంగి తొక్కేవారికి సన్నని సీటు నయం. 1866లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన బ్రూక్స్ వారివి రెండు రకాలూ దొరుకుతాయి. వానలో కవరు తొడగండి. సీటు కింద చేతితో తిప్పే లివరు ఉంటే తీసి బోల్టు వేయించండి. పాత సైకిలు గొలుసును పాత ట్యూబులో దూర్చి, సీటు కింది కమ్మీలకూ ఫ్రేముకూ చుట్టి, పిన్ను కొట్టి కలిపేయండి. తొందరలో ఉన్న దొంగ పక్క సైకిలు చూసుకుంటాడు. ఆ పక్క సైకిలు మన సభ్యులదే కావచ్చు గనుక అందరమూ ఈ పని చేసుకుందాము.