పాత కారుకు కొత్త ఇంజను తగునా?

పాత కారు ఉన్న ప్రతి ఇంటా ఏదో ఒకనాడు ఒక వివాదం తలెత్తక తప్పదు. "బండి గట్టిదే, ఇంజను మారిస్తే చాలు" అనేవారు కొందరు, "ఇంజను మార్చాక అది మన బండి ఎట్లవుతుంది?" అనేవారు కొందరు. మా ఇంట ఈ వివాదం నేటికీ తెగలేదు. 1978లో మా తండ్రిగారు కొన్న అంబాసిడర్ మార్క్ 3 కారు నానక్‌రామ్‌గూడలో మా వాకిట నిలిచి ఉన్నది.

ఒకప్పుడు పల్లెగా ఉన్న ఈ ఊరు నేడు ఆకాశహర్మ్యాల నడుమ ఉన్నది. ఊరి అంచునే ఔటర్ రింగు రోడ్డు సాగుతున్నది. గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు గల దాని తొలి భాగం 2008లో ప్రారంభమైనది. ఆ దారిపై వాహనాలు గంటకు నూరు కిలోమీటర్లు దాటి పరుగెత్తుతుంటే, సుమారు 50 అశ్వశక్తి గల మా 1489 సి.సి. ఇంజను, నాలుగు గేర్లతో రొప్పుతూ ఎడమ అంచున పోవలసి వస్తున్నది. అందుచేత ఇసుజు ఇంజనును, ఐదు గేర్ల పెట్టెను అమర్చుదామని మా అన్నగారి పట్టుదల. షెడ్డు ఉస్తాదు కూడా సరేనన్నాడు.

అన్నగారి వాదం నిరాధారమైనది కాదు. ఇంజను మార్పిడిని తయారీదారులే మనకు నేర్పినారు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో ఉత్తరపారాలో పుట్టిన అంబాసిడరుకే కాలక్రమాన ఇంజన్లు మారినవి. 1990ల ఆరంభంలో 1817 సి.సి. ఇసుజు ఇంజను, ఐదు గేర్లు వచ్చినవి. 1984లో వెలువడిన కాంటెస్సా బరువును పాత 1489 ఇంజను లాగలేకపోగా, దానికీ తరువాత ఇసుజు ఇంజనునే బిగించినారు. 1985 నాటి ప్రీమియర్ 118 ఎన్.ఇ. కారుకు శరీరం ఫియట్‌ది, ఇంజను నిస్సాన్‌ది.

అయితే కర్మాగారంలో ఇంజను ఒక్కటే మారదు. దానికి తగినట్లు తక్కినవన్నీ సరిచూస్తారు. షెడ్డులో సాధారణంగా ఇంజను కూర్చుంటే పని ముగిసినట్లే. ఇంజను దిమ్మలు, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, క్లచ్చి, రేడియేటరు, వెనుక ఇరుసులోని పళ్ల నిష్పత్తి, ఇవన్నీ కుదరాలి కదా! అన్నింటికీ మించినవి బ్రేకులు. మా బండి నాలుగు చక్రాలకూ పాత డ్రమ్ము బ్రేకులే. ఆగే శక్తిని పెంచక పరుగెత్తే శక్తిని పెంచుట వివేకమనిపించుకోదు.

చట్టాన్ని కూడ తలచుకొనక తప్పదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహనంలో ఇష్టానుసారపు మార్పులను అంగీకరించదు. చేసిన మార్పును 14 రోజులలో రవాణా అధికారులకు తెలుపవలెనంటుంది. 2021లో వచ్చిన నియమాలు మరొక తలుపు తెరిచినవి. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, శరీరం, ఇంజను మౌలికంగా మారని కారుకు పురాతన వాహనమనే గుర్తింపు, ప్రత్యేకమైన నంబరు దక్కుతాయి. మా కారుకు 2028లో యాభై నిండుతాయి. నేడు ఇంజను మారిస్తే ఆ తలుపు మూసుకొనిపోతుంది. ఆ గుర్తింపు పొందిన బండిని నిత్యం తిప్పరాదన్న మాటా నిజమే. కనుక నిత్యవాహనమా, జ్ఞాపకచిహ్నమా అన్నది ముందే తేల్చుకొనవలెను.

నా అభిప్రాయమిది. ఇంజను దిమ్మె పగిలి, మరమ్మతుకు లొంగని బండికి వేరొక ఇంజను పెట్టుట తప్పు కాదు. కాని బ్రేకులతో సహా అన్నింటినీ సరిచేయించి, ఆర్.సి.లో నమోదు చేయించి, పాత ఇంజనును నూనె పూసి భద్రపరచవలెను. జీవమున్న ఇంజనును మాత్రం కేవలం వేగం కొరకు విప్పరాదు. బోరు చేయించి బ్రతికించుకొనవచ్చును. రింగు రోడ్డు విడిచి సర్వీసు రోడ్డున పోవచ్చును.

చౌమహల్లాలో నిజాముల నాటి పసుపు పచ్చని రోల్స్‌రాయిస్ ఉన్నది. దానికి కొత్త ఇంజను బిగిద్దామని ఎవరైనా అంటే నగరమంతా నొచ్చుకొంటుంది. నవాబుగారి బండికి ఇచ్చే మర్యాద సామాన్యుని అంబాసిడరుకు ఏల ఇవ్వరాదు? మన పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, పరీక్షా కేంద్రాలకు మనలను చేర్చినది అదే కదా! 2014లో దాని తయారీ ఆగిపోయినది. ఆ ఇంజను గుట్టు తెలిసిన ఉస్తాదులు వృద్ధులవుతున్నారు. యంత్రవిద్య అభ్యసించే సోదర విద్యార్థులు సెలవులలోనైనా వారి చెంత కూర్చుండి ఆ పని నేర్చుకొనవలెనని నా కోరిక.

అన్నగారికి నా విన్నపం ఒక్కటే: 2028 వరకైనా ఆగండి.